మొండి కిరణం

పోయినవారం కథ ఒక్క మాట దగ్గర ఆగింది. ఆ మాట "నకిలీ".

అన్నది పళ్ళ డాక్టరు. పాత సైనిక బిళ్ళలు పోగుచేసే వాళ్ళెవరూ ఆయన్ని డాక్టరని పిలవరు, కర్నల్ అంటారు. నిజానికి ఆయన ఒక్కరోజు కూడా సైన్యంలో పనిచెయ్యలేదు. జీవితంలో పట్టిన ఆయుధమల్లా పన్ను పీకే పట్టుకారు. అయినా టోపీకి పెట్టుకునే బ్యాడ్జీ ఒకటి చేతిలో పెడితే అది ఏ పటాలానిది, అప్పటి అచ్చేనా, తర్వాత ఎవడైనా దానికి కోతలూ అతుకులూ పెట్టాడా అన్నది చిటికెలో తేల్చేస్తాడు. ఆయన అసలుదంటే అసలుదే. నకిలీ అంటే ఆ బిళ్ళ ఇక పాత ఇనప సామాన్ల బుట్టలోకే.

ఈసారి బుట్టలో పడబోయేది ఇత్తడి ముక్క ఒక్కటే కాదు. దాంతోపాటు ఒక మనిషి పరువు కూడా.

వంతెన దగ్గరి పోస్టును శత్రువులు చుట్టుముట్టిన రోజుల్లో కంపెనీ కమాండరు చనిపోయాడు. సంతాపానికి నల్లగుడ్డ కట్టుకుందామంటే గాయాలకి కట్టుకోవడానికే గుడ్డ లేదు. అందుకని మిగిలినవాళ్ళు తమ టోపీ బిళ్ళల మీది సూర్యుడికి పైనున్న కిరణాన్ని కోసేసుకున్నారు. ఆ పని మరే కంపెనీ చెయ్యలేదు. సేకర్తలు ఆ బిళ్ళని "మొండి కిరణం" అంటారు. దొరకడం అపురూపం కాబట్టే, మామూలు బిళ్ళకి ఒక కిరణం కోసేసి అంటగట్టే మోసగాళ్ళు వీధికొకడు పుట్టుకొచ్చారు.

చనిపోవడానికి ముందురోజు కమాండరు పంపిన ఆఖరి సందేశంలో "ఒకడు పోస్టు వదిలి పోయాడు" అని ఉంది. పేరు లేదు. తర్వాత లెక్క చూసుకుంటే బతికినవాళ్ళలో కానీ శవాల్లో కానీ దొరకనివాడు ఒక్కడే తేలాడు. పారిపోయింది వాడేనని రాసి చేతులు దులుపుకున్నారు. ఆ ఒక్కడూ మన బిళ్ళలమ్మాయికి మేనత్త భర్త.

బిళ్ళలమ్మాయి మ్యూజియంలో పాత లోహపు వస్తువులు పరీక్షిస్తుంది. అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచింది ఆ మేనత్తే. మావయ్య బిళ్ళని గాయపడినవాళ్ళ బండితో వచ్చిన నర్సు ఒకామె అప్పట్లోనే అత్తయ్యకి తెచ్చిచ్చింది. దానికి పై కిరణం లేదు. ఆ కోత నిజంగా పోస్టులో పడిందే అయితే, కమాండరు పోయాక కూడా మావయ్య అక్కడే ఉన్నట్టు. అంటే ముందురోజు పారిపోయినవాడు ఆయన కాదు. లెక్క అంత సూటిది.

కానీ ఆ బిళ్ళ తన ఇంటిదేనని బిళ్ళలమ్మాయే, పోస్టులో చనిపోయినవాళ్ళకి స్మారక శిల నిలబెడుతున్న కమిటీకి చెప్పి పరీక్ష నుంచి తప్పుకుంది. నీ నిజాయితీ తగలెయ్య అని అత్తయ్య ఆ రోజంతా సాధించింది. పరీక్ష కర్నల్ చేతికి పోయింది. ఆయన ఒక్క మాటతో తేల్చేశాడు. స్మారక శిల మీద పేర్లు చెక్కడం దాదాపు పూర్తయింది. కమిటీ ఆఖరిసారి కూర్చునేది ఈ సాయంత్రమే. ఇవాళ ఎక్కని పేరు ఇక ఎప్పటికీ ఎక్కదు.

మళ్ళీ చూడండని బిళ్ళలమ్మాయి ఎంత బతిమాలినా కర్నల్ ఫోను ఎత్తలేదు. తీర్పు తిరగదోడడం ఆయన పద్ధతి కాదట. అత్తయ్య ఎవరినీ బతిమాలలేదు. పన్ను నొప్పి అని చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకుంది.

*

క్లినిక్ ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడమీద మనిషంత ఎత్తు దంతం బొమ్మ. లోపల్నుంచి యంత్రం గుర్రుమన్నప్పుడల్లా వరసలో కూర్చున్నవాళ్ళు దవడలు తడుముకుంటున్నారు. అత్తయ్య మాత్రం తలుపు పిడి వంకే చూస్తోంది. చూసి చూసి లేచి వెళ్ళి, చేతిరుమాలుతో దాన్ని రుద్దడం మొదలుపెట్టింది. మెరవని ఇత్తడి కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. కౌంటరు వెనకాల నర్సు వింతగా చూస్తుంటే బిళ్ళలమ్మాయి తల దించుకుని, అత్తయ్యని లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"ఇంతకీ నీకు నిజంగా పన్ను నొప్పి ఉందా అత్తయ్యా?"

"నొప్పి పెట్టాలంటే ముందు పళ్ళుండాలి కదే," అంది అత్తయ్య నెమ్మదిగా. "నావి కట్టుడువి. పదేళ్ళ నుంచి ఇంట్లో తిరుగుతూ నీకు తెలీదూ?"

బిళ్ళలమ్మాయి ఏదో అనబోయే లోపు నర్సు పిలవనే పిలిచింది.

లోపలి గది చిన్నది, శుభ్రమైనది. మధ్యలో వాలుకుర్చీ, దాని మీదికి వంగిన దీపం. గోడకున్న అద్దాల బీరువాలో పళ్ళ అచ్చులు వరసగా పేర్చి ఉన్నాయి, మూసిన నోళ్ళ ఊరేగింపులా. డాక్టరు చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరక్కుండానే కుర్చీ చూపించాడు. అత్తయ్య ఎక్కి పడుకుంది. ఆయన దీపం వెలిగించి, మాస్కు పైకి లాక్కుని, నోరు తెరవమన్నాడు.

అత్తయ్య నోరు తెరిచి, పై వరస పళ్ళని ఊడదీసి ఒక అరచేతిలో పెట్టుకుంది. కోటు జేబులోంచి బిళ్ళ తీసి రెండో అరచేతిలో పెట్టుకుంది. రెండు చేతులూ దీపం కిందికి చాపింది.

"ఈ రెండిట్లో నకిలీ ఏదో చెప్పు బాబూ," అంది బోసినోటితో.

డాక్టరు మాస్కు కిందికి లాగాడు. ఆవిడ వంకా, తలుపు దగ్గర నిలబడ్డ బిళ్ళలమ్మాయి వంకా మార్చి మార్చి చూశాడు. కోపం రావాల్సిన చోట ఆయనకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకుని, ముందు పళ్ళు పెట్టుకోండమ్మా అన్నాడు. బయట ఇంకా రోగులున్నారనీ, ఇలాంటి నాటకాలు తనకి నచ్చవనీ కాస్త గట్టిగానే చెప్పాడు. చెబుతూనే తలుపు గడియ పెట్టాడు.

"మీరంటే నాకు గౌరవం ఉందమ్మా. కానీ గౌరవం వేరు, లోహం వేరు."

బీరువా అడుగు సొరుగు లాగాడు. పైన పళ్ళ అచ్చులు, కింద ముఖమల్ గుడ్డ మీద బిళ్ళలు. వాటిలోంచి ఒకటి తీసి ట్రేలో పెట్టాడు. మధ్యలో బూరా, చుట్టూ సూర్యకిరణాలు, పైన మొండి. బిళ్ళలమ్మాయి దగ్గరికి జరిగింది. మొండి కిరణం అసలుది ఎలా ఉంటుందో ఆమె ఫొటోల్లో తప్ప చూడలేదు. ఆ బిళ్ళ ఒంటికి ఎంత నలుపు ఉందో కోసిన చోటా అంతే నలుపు ఉంది. గాయం మానిపోయి చర్మంలో కలిసిపోయినట్టుంది.

దాని పక్కన అత్తయ్య బిళ్ళ పెట్టాడు. అది కొత్త పంపులా తళతళలాడుతోంది. కోత కూడా నిన్ననే కోసినట్టు మెరుస్తోంది. దాన్ని వెనక్కి తిప్పాడు. టోపీకి గుచ్చుకోవడానికి ఉండాల్సిన రెండు ఇత్తడి చెవులూ లేవు. వాటి స్థానంలో కోటుకి పెట్టుకునే సూది అతికించి ఉంది. ఆ టంకం పటాలం వర్క్‌షాపుది కాదని డాక్టరుకి వేరే చెప్పక్కర్లేదు. వెనకభాగం అబద్ధం ఆడుతుంటే ముందుభాగాన్ని నమ్మేదెలా అన్నాడాయన.

వారం రోజులుగా బిళ్ళలమ్మాయిని తొలుస్తున్నదీ ఆ సూదే. ఈ బిళ్ళ ఇంట్లో ఉన్న సంగతే స్మారక శిల మాట వచ్చేదాకా అత్తయ్య బయటపెట్టలేదు. సూది సంగతి అడిగితే "నాకేం తెలుసే" అని దాటేసింది.

ఇప్పుడు అత్తయ్య కుర్చీలో లేచి కూర్చుంది. పళ్ళు సర్దుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువసేపే తీసుకుంది.

"ఆ సూది నేనే పెట్టించాను," అంది.

పారిపోయాడని రాసిన ఏడాదే ఆ పని చేయించిందట. పటాలం ఆఫీసు ముందు నిలబడాలంటే ఆ బిళ్ళ కోటు మీద కనిపించాలనిపించింది. చెవులు గుడ్డలో నిలవలేదు. వీధి చివర వాచీలు బాగుచేసే అతను అవి ఊడదీసి సూది అతికించాడు. దాన్ని పెట్టుకుని వారం వారం వెళ్ళి గేటు దగ్గర నిలబడేది. కొన్నాళ్ళకి గేటు దగ్గరికి కూడా రానివ్వలేదు. వెళ్ళడం మానేసింది కానీ వెళ్ళే ముందు బిళ్ళ తోముకునే అలవాటు మాత్రం మానలేదు.

"తోమడమా?" అన్నాడు డాక్టరు. "దేంతో?"

"ఇత్తడి పాలిష్‌తో. అది దొరక్కపోతే బూడిదతో."

"ఎన్నాళ్ళు?"

"నిన్నటి దాకా."

ఇటుకపొడితో పళ్ళు తోముకుంటానని చెప్పే రోగి ముందు కళ్ళు మూసుకున్నట్టే డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. పాత బిళ్ళని తోమడమంటే సేకర్తల దృష్టిలో దాని చర్మం ఒలవడమే. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ నలుపే దాని వయసుకి సాక్ష్యం. బిళ్ళలమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. మ్యూజియానికి వచ్చే ప్రతివాళ్ళకీ తోమకండి, తోమకండి అని గొంతు పోయేలా చెప్పేది తను. ఆ సాక్ష్యాన్ని తన ఇంట్లోనే, పక్కగదిలోనే వారానికోసారి రుద్ది రుద్ది చెరిపేశారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తోమనిస్తావా?" అంది అత్తయ్య. "ఆయనకి చెయ్యగలిగింది నాకదొక్కటే మిగిలింది."

బిళ్ళలమ్మాయి కోపం అక్కడే ఎక్కడో ఆగిపోయింది. ఆగిన చోట ఒక ఆలోచన మొలిచింది. ట్రేలోంచి బిళ్ళ తీసి అత్తయ్య చేతిలో పెట్టి, రుమాలు కూడా అందించి, ఇంట్లో ఎలా తోముతావో ఇప్పుడు అలాగే తోమి చూపించమంది. ఇప్పుడెందుకే అని అత్తయ్య గొణుగుతూనే బిళ్ళని ఎడమచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుంది. కుడి బొటనవేలు రుమాలుతో కిందినుంచి పైకి, బూరా మీదుగా సాగి, మొండి అంచు దాటి గాల్లోకి జారింది. మళ్ళీ కిందినుంచి పైకి. మళ్ళీ. వేలు ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

"మొండి దగ్గర ఇంకాస్త ఎక్కువ రుద్దేదాన్ని," అంది. "అక్కడ పుండులా కనిపించేది."

బిళ్ళలమ్మాయి భూతద్దం కంటికి పెట్టుకుని బిళ్ళని దీపం కింద అటూ ఇటూ వంచింది. తలెత్తినప్పుడు ఆమె మొహం వేరేగా ఉంది.

"డాక్టరుగారూ, కాసేపు ఇది బిళ్ళ అన్న సంగతి మర్చిపోండి. విరిగిన పన్ను అనుకోండి. అది నిన్న విరిగిందా, ఎప్పుడో చిన్నప్పుడు విరిగిందా, ఎలా చెబుతారు?"

ఆలోచించే అవసరం లేకుండానే ఆయన నోటి నుంచి జవాబు వచ్చేసింది.

"అంచుని బట్టి. నిన్న విరిగితే నాలుక కోసుకుంటుంది. ఏళ్ళ తరబడి నమిలితే గుండ్రంగా అరిగిపోతుంది."

"అయితే చూడండి."

ఆయన కాసేపు బిళ్ళ వంక చూశాడు. తర్వాత తన సామాన్లలోంచి సన్నటి కొక్కెం తీసుకుని, పంటి అంచు తడిమినట్టు మొండి అంచు వెంట నడిపించాడు. ఎక్కడా తట్టుకోలేదు. మళ్ళీ నడిపించాడు. పెదవి విరిచి, ఇది చాలదన్నాడు. మోసం చేసేవాళ్ళేమీ అమాయకులు కారు, మెరుగుపెట్టే గుడ్డచక్రం మీద ఆడిస్తే ఏ అంచైనా పావుగంటలో గుండ్రబడుతుంది.

"చక్రం మీద ఆడిస్తే రెండంచులూ అరగాలి కదా," అంది బిళ్ళలమ్మాయి. "వెనకంచు ముట్టుకోండి."

కొక్కెం వెనకంచుకి టక్కున తట్టుకుంది. అది ఇంకా పదునుగానే ఉంది. అత్తయ్య బొటనవేలు బిళ్ళ ముందుభాగం మీదే నడిచింది, వెనక్కి ఎప్పుడూ వెళ్ళలేదు. బూరా కిందిభాగం నున్నగా అరిగింది. ఆ అరుగుదల పైపైకి సాగి, ఒక వాలులా మొండి అంచు మీదుగా తెగకుండా దాటింది. అరిగిన తర్వాత ఎవడైనా కోసి ఉంటే ఆ వాలు కోత దగ్గర ఠక్కున తెగిపోవాలి. తెగలేదు. అంటే ముందు కోత, తర్వాత ఏళ్ళకేళ్ళు ఒకే బొటనవేలు. ఆ అరుగుదలను ఇన్ని సంవత్సరాల పాటు కూర్చుని తయారుచేసే ఓపిక ఏ మోసగాడికీ ఉండదు.

డాక్టరు దీపాన్ని ఇంకా కిందికి లాక్కున్నాడు. వెనకంచు మూలలో తెల్లగా గట్టిగా పేరుకున్నదేదో ఆయన కంటపడింది. గోటితో నొక్కితే రాలేదు.

"గార," అన్నాడు తనలో తానే. పాలిష్ ఎండిపోయి, దానిమీద మళ్ళీ పాలిష్ ఎండిపోయి, పళ్ళకి పట్టే గారలాగే పొరలు పొరలుగా గట్టిపడింది. ఆయన జీవితమంతా చేసింది గార తియ్యడమే. పరికరం మార్చుకుని, ఊపిరి కూడా తగలనంత జాగ్రత్తగా ఆ పెచ్చును లేపాడు. కింద కోత మొహం కనిపించింది. పాలిష్ గుడ్డ ఎన్నడూ చేరని చోటది. నల్లగా ఉంది. ఆ నలుపు మీద వెంట్రుకంత సన్నటి గీత ఒకటి, అడ్డంగా, ఉబ్బెత్తుగా.

ఆయన చెయ్యి ఆగిపోయింది. గబగబా తన బిళ్ళని లాక్కుని దాని కోతను దీపం కింద పెట్టాడు. అక్కడా అదే గీత. అదే చోట, అదే వాలుతో. కట్టరు పంటికి ఒకచోట చిన్న నొక్కు ఉంటే, అది ఏది కోసినా ఆ గుర్తు పడుతుంది. రెండు బిళ్ళలనీ ఒకే పనిముట్టు కోసింది.

డాక్టరు రోగుల స్టూలు మీద కూర్చున్నాడు.

"అసలుదే," అన్నాడు.

అత్తయ్య బిళ్ళలమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే వేళ్ళు తెల్లబడ్డాయి.

"కానీ అమ్మా, నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. సేకర్త అన్నవాడు దీన్ని ముట్టుకోడు. చెవులు లేవు, సూది పెట్టారు, ఒళ్ళంతా తోమేశారు. సొరుగులో దాచుకోవడానికి ఇది పనికిరాదు."

"సొరుగు నీది బాబూ. నాకు కావాల్సింది రాయి."

డాక్టరు తల ఊపి ఫోను అందుకున్నాడు. కమిటీ ఆఫీసు రోడ్డుకి అవతలి భవనంలోనే ఉంది. కార్యదర్శికి విషయమంతా వివరించి, తాను పొరబడ్డానని చెప్పాడు. ఆ మాట చెప్పడం అలవాటు లేదని గొంతులోనే తెలిసిపోయింది. అవతలివైపు కార్యదర్శి మర్యాదగానే విన్నాడు. అన్నీ విని ఒక్క చిక్కుముడి వేశాడు. రెండు బిళ్ళల మీదా ఒకే గీత ఉంటే రెండింటినీ ఒకే మోసగాడు కోసి ఉండొచ్చు కదా? మీ బిళ్ళ మీకు ఎక్కడిది? అధ్యక్షుడుగారు మొదట అడిగేది అదే.

డాక్టరు ఫోను పెట్టేసి, సొరుగు వంక చూస్తూ ఆ ప్రశ్నని వాళ్ళిద్దరికీ చెప్పాడు.

సేకర్తల లోకంలో అడగకూడని ప్రశ్న అదొక్కటే. ఎక్కడ దొరికిందని ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ చెప్పరు. ఆ మర్యాద తప్పినవాడికి తర్వాత ఎవరి సొరుగూ తెరుచుకోదు. బిళ్ళలమ్మాయికి ఆ సంగతి డాక్టరు కన్నా బాగా తెలుసు. తెలిసే అడిగింది.

"మీకు ఎవరిచ్చారు డాక్టరుగారూ?"

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఆయన్నే చూస్తోంది. చివరికి ఆ చూపుకే ఆయన లొంగాడు. తన దగ్గర పళ్ళు కట్టించుకున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడట. సైన్యం మాటెత్తితే మొహం తిప్పేసుకుంటాడట. కిందటేడు వచ్చినప్పుడు పాతగుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి బల్ల మీద పెట్టి, నీ దగ్గరుంటే దీన్నెవరూ తాకరు, నాదని మాత్రం ఎవరికీ చెప్పకు అని వెళ్ళిపోయాడట.

"మాటిచ్చాను. తప్పొచ్చేమో ఆయన్నే అడుగుతాను," అంటూ నంబరు నొక్కి, ఫోనును అందరికీ వినిపించేలా ట్రేలో పెట్టాడు.

పెద్దాయన గొంతు నెమ్మదైనది. డాక్టరు చెబుతున్నంతసేపూ వెనకాల రేడియో వినిపిస్తూనే ఉంది. మొండి కిరణం అనగానే రేడియో ఆగిపోయింది. ఆవిడెవరని అడిగాడు. అత్తయ్య ఫోను మీదికి వంగి తాను ఎవరి భార్యనో చెప్పింది.

"కమాండరుగారు పోయాక మావారు అక్కడున్నారా?" అంది అత్తయ్య. బతుకంతా ఆ ఒక్క ప్రశ్న కోసం దాచుకున్న గొంతు అది.

"ఉన్నాడా అంటావేంటి వదినా," అన్నాడు పెద్దాయన. "మా అందరి బిళ్ళలూ కోసింది అతనే. టెలిఫోను తీగలు అతికే పని కదా, కట్టరు అతని దగ్గరే ఉండేది. నాది కోస్తుంటే బిళ్ళ జారింది. నేనే పట్టుకున్నాను."

అత్తయ్య ఏడవలేదు. కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది, ఎక్కడో చాలా దూరం నుంచి నడిచొచ్చి కూర్చున్నట్టు. బిళ్ళలమ్మాయే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. డాక్టరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఎలా పోయాడన్నది ఎదురుగా కూర్చుని చెబుతాను, ఫోనులో చెప్పేది కాదు అన్నాడు పెద్దాయన. పారిపోయాడని రాసిన సంగతి బిళ్ళలమ్మాయి చెప్పేసరికి ఆయనకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. ఎవరు రాశారని అడిగిన గొంతులో వయసు వినిపించలేదు. సాయంత్రం కమిటీ ముందుకి తానే వస్తానన్నాడు. టాక్సీకి చెప్పమని ఇంట్లో ఎవరినో కేకేశాడు.

"కానీ ఒక్క మాట వదినా. కమాండరుగారు పోకముందే ఒకడు పోస్టు వదిలి పోయిన మాట నిజం. దారిలో చనిపోయాడు. శవం దొరికింది కాబట్టి పోస్టులో పోయినవాళ్ళలో కలిపేసి ఉంటారు. నేను నోరు విప్పితే వాడెవడని అడుగుతారు."

ఎవరని డాక్టరు అడిగాడు. పెద్దాయన పేరు చెప్పాడు.

బిళ్ళలమ్మాయి ఆ పేరును మొన్ననే చూసింది. స్మారక శిల మీద మొదటి వరసలో ఉంది. కమిటీ అధ్యక్షుడి అన్నగారు.

అత్తయ్య కళ్ళు తెరిచింది. పారిపోయినవాడి ఇల్లు అనిపించుకోవడమంటే ఏమిటో ఈ గదిలో తెలిసినది ఆవిడ ఒక్కతికే.

"వాళ్ళింట్లో వాళ్ళకి తెలుసా?" అంది.

"తమ్ముడికి తెలుసు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు నన్ను చూడటానికొచ్చాడు, నేనే చెప్పాను. అధికారుల దగ్గరికి తానే వెళ్ళి చెబుతానన్నాడు," అన్నాడు పెద్దాయన. "చెప్పేశాడనే ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను."

తలుపు మీద ఎవరో తట్టారు. డాక్టరు గడియ తీశాడు. నర్సు లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించి చెప్పింది. కమిటీ అధ్యక్షుడుగారు వచ్చారట. కార్యదర్శి అంతా చెప్పాడట. మీటింగుకి ముందే ఆ బిళ్ళని ఒకసారి తన చేతికివ్వమంటున్నారట.

డాక్టరు బిళ్ళ వైపు చెయ్యి చాపబోయాడు. అంతకు ముందే అత్తయ్య దాన్ని తీసుకుని గుప్పిట మూసింది. కుర్చీ దిగి, కోటు సర్దుకుని, ట్రేలో ఇంకా వెలుగుతున్న, పెద్దాయన లైన్లోనే ఉన్న ఫోను వంక చూసి, దాన్ని అలాగే ఉండనివ్వమని బిళ్ళలమ్మాయికి సైగ చేసింది.

"రమ్మనమ్మా," అంది నర్సుతో.